డిస్కుకు అచ్చు నకలు: ఒక చిన్న చరిత్ర

(ఆదివారం ఉదయం మా తెలుగు రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



పోయిన నెల మా తెలుగు వాళ్ళ పాట్‌లక్‌లో ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, నువ్వు కంప్యూటర్లలోనే కదా పని చేసేది? మా లాప్‌టాప్ తెరిస్తే నీలం తెర వస్తోంది. అందులో మా మనవరాలి అన్నప్రాశన ఫోటోలున్నాయి, ఎలాగైనా తీసిపెట్టు నాయనా" అన్నారు. "బాకప్ ఏమన్నా ఉందా అండీ?" అని అడిగాను. "అదంతా మా అబ్బాయికి తెలుసు" అన్నారు. అబ్బాయిని అడిగితే, "చేద్దామనుకుంటూనే ఉన్నానండీ" అన్నాడు.

ఈ మాట నేను చాలా ఇళ్ళలో వింటాను. ఒకప్పుడు నేనూ అన్న మాటే. అందుకని ఇవాళ నీతులు చెప్పకుండా ఒక కథ చెబుదామని వచ్చాను. కంప్యూటర్ డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసి దాచుకునే విద్యను డిస్క్ ఇమేజింగ్ అంటారు. అది ఎక్కడ పుట్టిందో, మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో ఆ కథ. మధ్యలో నా సొంత గోడు కూడా కాస్త ఉంటుంది, భరించాలి.

ముందు ఒక తేడా చూద్దాం. ఫోటోలు, ఉత్తరాలు కాపీ చేసుకోవడం వేరు, డిస్క్ ఇమేజ్ తియ్యడం వేరు. ఇల్లు మారేటప్పుడు సామాన్లు మూటగట్టి కొత్త ఇంటికి చేరవేస్తే అది మామూలు కాపీ. స్టవ్ ఎక్కడ పెట్టాలో, దేవుడి పటాలు ఏ గోడకి తగిలించాలో మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలి. అలా కాకుండా ఇంటికి ఇల్లే, గోడకున్న మేకులతో సహా, గుమ్మం మీది నంబరుతో సహా ఎత్తి ఇంకో స్థలంలో దింపితే అది ఇమేజ్.

ఇంత శ్రమ ఎందుకంటారా? కంప్యూటర్ లేవగానే మొట్టమొదట చదివే భాగం మనకి ఫైలుగా కనిపించదు. పాత పద్ధతి డిస్కుల్లో అది మొట్టమొదటి సెక్టారు, కేవలం 512 బైట్లు. ఫైళ్ళన్నీ భద్రంగా కాపీ చేసినా ఆ 512 బైట్లు రాకపోతే కొత్త డిస్కు లేవదు. వంటిల్లంతా సర్దుకుని అగ్గిపెట్టె మర్చిపోయినట్టన్నమాట.

ఇక కథలోకి వద్దాం. 1956లో ఐబీఎం వాళ్ళు మొదటి హార్డ్ డిస్కును బయటికి తెచ్చారు. 24 అంగుళాల పళ్ళేలు 50, బరువు టన్ను దాకా, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మనం ఫోనుతో తీసే ఒక్క ఫోటో అంత. 1974లో వచ్చిన యునిక్స్ ఐదో ఎడిషన్‌లో 'డీడీ' అనే ఆజ్ఞ కనిపిస్తుంది. ఇది ఫైళ్ళ పేర్లూ ఊర్లూ అడగదు. ఇక్కణ్ణించి చదివి అక్కడ రాయి అంటే, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా రాసేస్తుంది. ఇప్పటికీ లినక్స్‌లో ఉంది. దీనితో ఒకటే ప్రమాదం. 'ఇక్కడ', 'అక్కడ' తారుమారైతే అది నోరు మెదపదు, మంచి డిస్కు మీద రాసేస్తుంది. అందుకే కంప్యూటర్ల వాళ్ళు సరదాకి డీడీ అంటే డిస్క్ డిస్ట్రాయర్ అంటారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన డాస్‌లో డిస్క్‌కాపీ అనే ఆజ్ఞ ఉండేది. 160 కేబీ ఫ్లాపీని ఫ్లాపీగా నకలు తీసేది. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అది నిండితే బాకప్‌కి అప్పటి 360 కేబీ ఫ్లాపీలు 30 దాకా కావాలి. ఒకటి తీసి ఇంకోటి పెడుతూ కూర్చోవాలి. మధ్యలో ఒక ఫ్లాపీ చెడితే ఆ పని అంతా ప్రశ్నార్థకమే. అయినా డాస్ రోజుల్లో ఒక సుఖం ఉండేది. సిస్టమ్ ఫైళ్ళు కొన్నే కాబట్టి 'సిస్' అనే చిన్న ఆజ్ఞతో కొత్త డిస్కు లేచేది, మిగతావి కాపీ చేసుకుంటే సరిపోయేది.

ఆ సుఖం 1995లో విండోస్ 95తో పోయింది. పొడుగు ఫైలు పేర్లు వచ్చాయి, రిజిస్ట్రీ వచ్చింది, విండోస్ నడుస్తుండగా తన ఫైళ్ళు కొన్నిటిని ఎవరినీ ముట్టుకోనివ్వదు. సరిగ్గా ఆ ఏడాదే న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో బైనరీ రీసెర్చ్ అనే చిన్న కంపెనీలో మరే హజార్డ్ అనే ఆయన ఘోస్ట్ అనే ప్రోగ్రాం రాశాడు. దయ్యం అనుకునేరు, జనరల్ హార్డ్‌వేర్ ఓరియెంటెడ్ సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ అనే పొడుగు పేరుకి అది పొట్టి పేరు. ఇది డాస్ ఫ్లాపీ నుంచి లేచేది. అంటే విండోస్ నిద్రలో ఉండగానే పని కానిచ్చేది. పైగా డీడీలాగా ఖాళీ జాగాను కూడా మొయ్యకుండా, సమాచారం ఉన్న సెక్టార్లనే తీసుకునేది. అందుకే అంత వేగం. ఆ తర్వాత డిస్కులో ఒక్క భాగాన్ని, అంటే పార్టిషన్‌ను మాత్రమే నకలు తీసే వీలు వచ్చింది. 1998లో సిమాంటెక్ కంపెనీ ఘోస్ట్‌ను కొనేసింది.

ఆ తర్వాతి ఏడాది, 1999 ఏప్రిల్ 26న, సీఐహెచ్ అనే వైరస్ ప్రపంచమంతా పేలింది. తైవాన్ విద్యార్థి ఒకడు రాసినది. డిస్కు మొదట్లో ఒక మెగాబైటు సున్నాలతో నింపేసేది, కొన్ని కంప్యూటర్లలో బయోస్‌ను కూడా చెరిపేసేది. చెర్నోబిల్ ప్రమాదం కూడా ఏప్రిల్ 26నే జరిగింది కాబట్టి ఆ పేరూ దీనికి అంటుకుంది. డిస్కు ఇమేజ్ దాచుకున్న వాళ్ళకి అది ఒక గంట పని. లేనివాళ్ళకి ఏళ్ళ పని పోయినట్టే.

మా ఇంజినీరింగ్ కాలేజీలో, 2006లో, ల్యాబ్ అసిస్టెంట్ గారికి ఘోస్ట్ చేతిలో సుదర్శన చక్రం. ఒక కంప్యూటర్ని బాగా తయారుచేసి, ఇమేజ్ తీసి, సాయంత్రానికల్లా నెట్‌వర్క్ మీద 60 కంప్యూటర్లకీ ఒకేసారి ఎక్కించేవారు. పొద్దున్న పరీక్షకి వెళ్తే అన్నీ అచ్చం కవలల్లా ఉండేవి. ఆయన పక్కన కూచుని ఆ విద్య నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

2007 వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళాను. మా కంప్యూటర్లోని 80 జీబీ డిస్కు టకటకమని చప్పుడు చేస్తోంది. నాన్నగారు ఇంకో 80 జీబీ డిస్కు కొన్నారు, షాపు అబ్బాయి దానిమీద విండోస్ కూడా ఎక్కించి ఇచ్చాడు. నేను దర్జాగా ఘోస్ట్ ఫ్లాపీ పెట్టి, డిస్క్ టు డిస్క్ నొక్కాను. తెరమీద రెండు డిస్కులూ ఒకే సైజు. ఏది పాతదో, ఏది కొత్తదో ఒక్క నిమిషం ఆగి చూసుకుంటే పోయేది. చూసుకోలేదు. "నిజంగా చెయ్యమంటారా?" అని అది అడిగింది, "ఊఁ" అన్నాను. పావుగంటలో కొత్త డిస్కులోని ఖాళీ విండోస్ వచ్చి పాత డిస్కు మీద కూర్చుంది.

అందులో మా నాన్నమ్మ గొంతు ఉంది. ఆవిడ పోయే ముందు ఏడు మా బాబాయి వచ్చినప్పుడు, రోజూ సంధ్యవేళ ఆవిడ పాడే మంగళహారతి రికార్డు చేశాడు. కాసెట్టు కూడా లేదు, ఆ ఒక్క ఫైలే. మధ్యలో దగ్గు వస్తుంది, ఆగుతుంది, "ఏరా, పడుతోందా?" అని అడుగుతుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఘోస్ట్ వాడిన సెక్టార్లనే రాస్తుందని ఇందాక చెప్పాను కదా. అంటే ఆ పూట నేను ఆ డిస్కును పీకి పక్కన పెట్టేసి, తెలిసినవాళ్ళకి ఇచ్చి ఉంటే, చెరగని భాగంలో ఆ ఫైలు దొరికేదేమో. నాకా ఇంగితం లేదు. కంగారులో రెండుసార్లు ఫార్మాట్ చేసి మళ్ళీ మళ్ళీ ఏవేవో ఎక్కించాను. నాన్నగారు వచ్చి చూసి, చాలాసేపు నిలబడి, "పోనీలేరా, అన్నం తిను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

సరే, కథ ముందుకి వెళ్దాం. విండోస్ నడుస్తుండగానే ఇమేజ్ తీసే మార్గం కూడా అప్పటికే వచ్చింది. ఎక్స్‌పీ, సర్వర్ 2003 కాలంలో మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ షాడో కాపీ అనే పద్ధతి తెచ్చింది. ఫోటో తీసేటప్పుడు "కదలకండి" అంటామే, అలాంటిది. ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచితే, ఇమేజ్ తీసే ప్రోగ్రాం తీరిగ్గా చదువుకుంటుంది. 2009లో విండోస్ 7 వచ్చేసరికి సిస్టమ్ ఇమేజ్ తీసే సదుపాయం అన్ని ఎడిషన్లలోనూ ఉచితంగా దొరికింది. 2007 ప్రాంతంలో తైవాన్ జాతీయ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం వాళ్ళు క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. నార్టన్ ఘోస్ట్ అమ్మకాలు 2013లో ఆగిపోయాయి. విండోస్‌లోని సిస్టమ్ ఇమేజ్‌ను కూడా ఇక ముందుకు తీసుకెళ్ళబోమని, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుకోమని 2017లో మైక్రోసాఫ్ట్ చెప్పింది.

అదే 2017, జూన్ 27. నాట్‌పెట్యా అనే దాడిలో మెర్స్క్ అనే డెన్మార్క్ ఓడల కంపెనీ కంప్యూటర్లు ప్రపంచమంతటా కుప్పకూలాయి. వాళ్ళ ఉద్యోగుల లాగిన్ల జాబితా అంతా డొమైన్ కంట్రోలర్లు అనే సర్వర్లలో ఉంటుంది. అవి 150 దాకా ఉన్నాయి, ఒకదానికొకటి నకలు. ఒకటి పోతే ఇంకోటి ఉందన్న ధీమా. ఒక్క దెబ్బకి అన్నీ పోయాయి, ఒకటి తప్ప. అది ఆఫ్రికాలో ఘనాలో ఉంది. ఎందుకు బతికిందో తెలుసా? దాడి సమయానికి అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోతను తిట్టుకుంటూ పెరిగిన మనకి ఇది వింటే నవ్వాలో, దండం పెట్టాలో తెలియదు. ఆ డిస్కును మనిషి చేతికిచ్చి విమానంలో ఇంగ్లండు పంపించారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్ళీ ఎక్కించామని ఆ కంపెనీ ఛైర్మన్ 2018లో దావోస్ సభలో చెప్పారు.

ఈ కథలో నాకు కనిపించేది ఒకటే. ఎప్పుడూ తగిలించే ఉండే నకలు నకలు కాదు. మనిషి తప్పు చేసినా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. మెర్స్క్‌కి అదృష్టం కలిసొచ్చింది. మా ఇంట్లో కలిసిరాలేదు.

కాబట్టి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. మూడు ప్రతులు ఉంచుకోండి, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. అన్నయ్య వాళ్ళింట్లో అయినా సరే, ఇండియాలో అమ్మా నాన్నల బీరువాలో అయినా సరే. ఇమేజ్ తియ్యడం అయిపోగానే ఆ డ్రైవ్ పీకెయ్యండి. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కు తనంతట తనే తాళం వేసుకుంటుంది, ఆ బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసి పాస్‌పోర్టుల దగ్గర పెట్టుకోండి. ఏడాదికి ఒకసారైనా ఆ ఇమేజ్ తెరిచి నాలుగు ఫైళ్ళు బయటికి తీసి చూడండి, వీలైతే వేరే పాత డిస్కు మీద పూర్తిగా రీస్టోర్ చేసి చూడండి. తెరిచి చూడని బాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా ముందు, ఏది పాత డిస్కో ఏది కొత్త డిస్కో స్కెచ్ పెన్నుతో డిస్కు మీదే రాయండి. నా డిస్కులన్నిటి మీదా రాసి ఉంటుంది.

మొన్న సంక్రాంతికి మా అమ్మ చేత ఆ మంగళహారతి పాడించి రికార్డు చేశాను. అమ్మ ఎత్తుకునే పద్ధతి వేరు, నాన్నమ్మ చరణానికీ చరణానికీ మధ్య ఇంకాస్త ఆగేది. ఇది ఆ ఫైలు కాదని నాకు తెలుసు. కానీ దీనికి మూడు ప్రతులున్నాయి.

ఆ పెద్దావిడ లాప్‌టాప్ సంగతి అడుగుతారేమో. డిస్కు బతికే ఉంది, ఫోటోలు దొరికాయి. ఆ అబ్బాయి ఈ శనివారం మా ఇంటికి వస్తానన్నాడు, కొత్త డ్రైవ్ కొనుక్కుని మరీ.