బరువు తగ్గించే ఇంజెక్షన్లు.. గని కార్మికులకు జాగ్రత్తలు తప్పనిసరి

గోదావరిఖని: స్థూలకాయం, మధుమేహంతో బాధపడేవారికి వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు మన దేశంలోనూ అందుబాటులోకి వచ్చాయి. టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ (వెగోవీ) అదే ఏడాది జూన్‌లో విడుదలయ్యాయి. ఇవి ఆకలిని తగ్గించి, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని మందగింపజేస్తాయి. దుష్ఫలితాలలో అధికభాగం అందువల్ల కలిగేవే. ఎండలో, భూగర్భంలోని ఉక్కలో షిఫ్టు పని చేసే సింగరేణి కార్మికులు వీటిని తేలికగా తీసుకోరాదు.

వికారం, వాంతులు

వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం సాధారణంగా కనిపిస్తాయి. మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు ఇవి ఎక్కువగా ఉండి క్రమేణా తగ్గుతాయి. అందుకే వెగోవీని 0.25 మిల్లీగ్రాములతో, మౌంజారోను 2.5 మిల్లీగ్రాములతో ప్రారంభిస్తారు. నాలుగు వారాలైనా గడవనిదే మోతాదు పెంచరు. త్వరగా బరువు తగ్గాలని సొంతంగా పెంచుకోవడం ప్రమాదకరం. కొద్దికొద్దిగా, నెమ్మదిగా తినాలి. కడుపు నిండినట్లు అనిపించగానే ఆపాలి. బజ్జీలు, వేపుళ్లు, మద్యం మానుకోవాలి. మలబద్ధకానికి నీరు, ఆకుకూరలు, పీచు పదార్థాలు మేలు చేస్తాయి.

డీహైడ్రేషన్‌తో ముప్పు

వేసవిలో రామగుండం ప్రాంతంలో ఎండలు తీవ్రంగా ఉంటాయి. ఓపెన్‌కాస్టులలో చెమటతో నీరు పోతుండగా వాంతులు, విరేచనాలు తోడైతే మూత్రపిండాలు దెబ్బతినే అవకాశముంది. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ముప్పు మరింత అధికం. దాహం వేసేవరకు ఆగకుండా నీరు తాగుతుండాలి. వాంతులు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దానిపై సూచించినంత నీటిలో కలిపి తాగాలి. మూత్రం తగ్గినా, ముదురు రంగులో వచ్చినా, కళ్లు తిరిగినా పనిలో కొనసాగరాదు.

మధుమేహం ఉన్నవారు

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలకు ఈ ఇంజెక్షన్ తోడైతే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక దాని లక్షణాలు. డంపర్, షావెల్ నడిపేవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు, పక్కనున్నవారికీ ప్రమాదమే. పాత మందుల మోతాదు తగ్గించవలసి రావచ్చు గనుక ముందే వైద్యునికి తెలపాలి. జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. ఖాళీ కడుపుతో షిఫ్టుకు వెళ్లరాదు.

ఆలస్యం చేయరాదు

వీపు వైపు పాకే తీవ్రమైన, తగ్గని కడుపునొప్పి క్లోమం వాపునకు సంకేతం కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, పచ్చకామెర్లు పిత్తాశయంలో రాళ్ల వల్ల రావచ్చు. చూపు హఠాత్తుగా మందగించడం కూడా ప్రమాద సూచనే. ఇట్టి సందర్భాలలో మందు ఆపి వెంటనే ఆసుపత్రికి చేరాలి. శస్త్రచికిత్సకు ముందు ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్లు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎవరు వాడరాదు?

కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు, గర్భిణులు వాడకూడదు. గర్భం కోరే స్త్రీలు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వల్ల గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు.

బరువుతోపాటు కండరాలూ తగ్గుతాయి. బరువు పనులు చేసేవారు పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తగినంత తీసుకుంటూ వ్యాయామం చేయాలి. మందు ఆపితే తగ్గిన బరువు చాలామందిలో మళ్లీ పెరుగుతుంది. కొన్ని వారాలు ఆపినవారు పాత మోతాదుతోనే తిరిగి ప్రారంభించరాదు. వైద్యుని చీటీ లేకుండా ఈ ఇంజెక్షన్లు కొనడం, ఒకరి పెన్నును మరొకరు వాడడం ఎంతమాత్రం తగదు.