ఇంటికప్పు క్రింది అరణ్యము



గృహస్థునకు ఏకాంతము ఎక్కడ? ఈ ప్రశ్న నేటిది కాదు. తెల్లవారకముందే లేచి పాలు, నీళ్ళు, పిల్లల చదువులు, పెద్దల మందులు, ఉద్యోగ ప్రయాణము అను వరుసలో పడిన కుటుంబీకుడు "ఈ సంసారములో జపమునకు తీరిక ఏది? బాధ్యతలు తీరిన పిమ్మట చూచుకొందము" అనుకొనుట సహజము. ఆ మాట వెనుక ఒక భావన దాగియున్నది. ప్రశాంతత ఇంటికి వెలుపల, నదీతీరమునందో పర్వతగుహయందో ఉండునని, ఇల్లు దానికి విరోధియని ఆ భావన. శ్రుతి దీనిని పూర్తిగా కాదనలేదు. కాని అక్కడనే ఆగిపోలేదు. అరణ్యములో మొదలైన మౌనము ఇంటికప్పు క్రిందికి వచ్చిన క్రమము వేదవాఙ్మయములోనే కనబడుచున్నది.

ఆంధ్రదేశపు వైదిక కుటుంబములలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేదమున తైత్తిరీయ శాఖను, ఆపస్తంబ సూత్రమును అనుసరించువారు. వారి ఆరణ్యకమునందలి ద్వితీయ ప్రపాఠకము స్వాధ్యాయమును గూర్చి విస్తరించి చెప్పుచున్నది. బ్రహ్మయజ్ఞము చేయదలచినవాడు సూర్యోదయానంతరము గ్రామమునుండి తూర్పునకో, ఉత్తరమునకో, ఈశాన్యమునకో వెళ్ళవలెను. ఎంత దూరము? ఇండ్ల కప్పులు కంటికి కనబడనంత దూరము. అక్కడ శుచియై, దర్భలపై కూర్చుండి, వేదమును అధ్యయనము చేయవలెను. కొలత క్రోసులలో చెప్పలేదు, అడుగులలో చెప్పలేదు, ఇంటికప్పుతో చెప్పినది. ఇల్లు కనబడినంతవరకు మనస్సు ఇంటిలోనే ఉండునను లోకానుభవము ఆ కొలతలో ఉన్నది.

అయితే ఆ వెంటనే వచ్చు అనువాకములో మరియొక స్వరము వినబడుచున్నది. ఆహ్నేయుడైన శౌచుడను ఋషి అభిప్రాయమును శ్రుతి అక్కడ ఉదహరించినది. గ్రామములోనే ఉండి, పగలైనను రాత్రియైనను, మనస్సుతో స్వాధ్యాయము చేయవచ్చునని ఆయన మతము. నిలిచియుండియు, నడచుచును, కూర్చుండియు, పరుండియు స్వాధ్యాయము చేయవలసినదేనని, అట్లు చేయువాడు తపస్వి యగునని ఆ ప్రకరణము చెప్పుచున్నది. రెండు అనువాకముల నడుమ గృహస్థుని చరిత్ర అంతయు ఇమిడియున్నది. మొదటి విధి ఊరు దాటి వెళ్ళగలవానికి; రెండవది పశువులు, అగ్ని, అతిథులు, పిల్లలు ఉన్న ఇంటిని విడువజాలనివానికి. రెండవవానిని శ్రుతి తక్కువ చేయలేదు. వానిని కూడ తపస్వి యనియే పిలిచినది.

ఈ ఔదార్యము యాదృచ్ఛికము కాదు. అదే ప్రపాఠకమున పంచమహాయజ్ఞములు వర్ణింపబడినవి. శతపథ బ్రాహ్మణమునందును ఇవి కలవు. అగ్నిలో ఒక్క సమిధ వేసినను దేవయజ్ఞము పూర్తియగును. పితరులకు నీరు విడిచినను పితృయజ్ఞమగును. భూతములకు బలి వేయుట భూతయజ్ఞము, అన్నము పెట్టుట మనుష్యయజ్ఞము. ఒక్క ఋక్కునో, ఒక్క యజుస్సునో, ఒక్క సామమునో చదివినను బ్రహ్మయజ్ఞము సమాప్తమగును. ఇక్కడ నిలిచి ఆలోచింపవలసిన విషయమున్నది. ఆ కాలముననే ఇంచుమించు సంవత్సరకాలము సాగు గవామయనము వంటి సత్రములు, అనేక ఋత్విజులతో జరుగు సోమయాగములు ఉండెను. వాటిని విడిచి, ఒక పుల్ల, ఒక చెంబు నీరు, ఒక మంత్రము అను వీటికి శ్రుతి "మహా" శబ్దమును ఇచ్చినది. ఇవి ప్రతిదినము మొదలై, ప్రతిదినము ముగియునవి. వీటి మహత్త్వము పరిమాణములో లేదు, నిత్యత్వములో ఉన్నది. అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినపుడే దృఢమగునని పతంజలి యోగసూత్రములలో చెప్పినదియు ఇదియే. నెలకొకసారి దొరకు మూడు గంటలకన్న ప్రతిదినము తప్పని మూడు నిమిషములు గొప్పవని దీని తాత్పర్యము.

ఉపనిషత్తులు ఈ మార్గమును మరింత లోనికి తీసికొనిపోయినవి. కౌషీతకి ఉపనిషత్తులో ప్రతర్దనుని పేరిట ఆంతరమైన అగ్నిహోత్రము చెప్పబడినది. మనుష్యుడు మాటలాడుచున్నంతసేపు ప్రాణమును వాక్కునందు హోమము చేయుచున్నాడు. ఊపిరి తీయుచున్నంతసేపు వాక్కును ప్రాణమునందు హోమము చేయుచున్నాడు. మెలకువలోను నిద్రలోను ఈ రెండు ఆహుతులు ఎడతెగక సాగుచునే ఉన్నవి. అనగా రెండు మాటల నడుమ వచ్చు శ్వాస కూడ యజ్ఞభాగమే. దానిని గమనించుటయే సాధన.

ఛాందోగ్యములో అశ్వపతి కైకేయుడు వైశ్వానర విద్యను బోధించినపుడు వినవచ్చినవారు సన్యాసులు కారు. శ్రుతి వారిని పెద్ద ఇండ్లు గల గృహస్థులని, గొప్ప శ్రోత్రియులని వర్ణించినది. బోధించినవాడు రాజ్యభారము మోయుచున్న రాజు. ఆ విద్య చివర భోజనమే అగ్నిహోత్రముగా మారినది: మొదట వచ్చిన అన్నమును ప్రాణ, వ్యాన, అపాన, సమాన, ఉదానములకు ఆహుతిగా ఇయ్యవలెను. నేటికిని తెలుగు ఇండ్లలో ఉపనయనమైనవారు విస్తరి చుట్టు పరిషేచనము చేసి, ప్రాణాహుతులు మ్రింగి, అటు పిమ్మట భోజనమునకు ఉపక్రమింతురు. అరనిమిషమైనను పట్టని ఈ మౌనము వేల సంవత్సరముల ఉపనిషద్విద్యకు వంటయింటి ప్రక్కన నిలిచిన రూపము. అదే ఛాందోగ్యము తన చివరి ఖండములో గురుకులమునుండి తిరిగివచ్చినవాడు కుటుంబములో ఉండి, శుచియైన చోట స్వాధ్యాయము చేయుచు బ్రహ్మలోకమును పొందునని ముగించినది. ఆ సాధకుడు కుటుంబములోనే ఉన్నాడు. శ్రుతి కోరినది ఒక్క శుచియైన చోటు.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మము కలదు. ఇంటిలో దొరకు ఆ ప్రశాంతక్షణము ఎవరిది? ఆపస్తంబ ధర్మసూత్రము భోజనక్రమమును నిర్ణయించుచు అతిథులను, పసివారిని, వృద్ధులను, రోగులను, గర్భిణులను ముందుగా భుజింపజేయుమని విధించినది. గృహస్థుని ప్రాణాహుతి వారి ఆకలి తీరిన తరువాతనే. ఆశ్వలాయన గృహ్యసూత్రము పాణిగ్రహణము మొదలు ఇంటి అగ్నిని తానైనను, పత్నియైనను, పుత్రుడైనను, కన్యయైనను, శిష్యుడైనను పరిచర్య చేయవలెనని చెప్పినది. గోభిలుడు సాయంప్రాతర్హోమములను పత్ని చేయవచ్చునని అనుమతించి, పత్నియే గృహమని, ఈ అగ్ని గృహమునకు సంబంధించినదని హేతువు చూపెను. ఇరువదవ శతాబ్దములోను కోనసీమ అగ్రహారములలో నిత్యాగ్నిహోత్రమును నిలిపిన ఆహితాగ్నుల ఇండ్లయందు ఇల్లాలు ఆ వ్రతమునకు సహధర్మిణియే. అగ్ని ఒక్కనిది కాదు, ఇంటిది.

కాలక్రమమున ఈ సూత్రార్థము మరుగునపడినది. జపపీఠము పురుషునిది, దానికి కావలసిన మడినీళ్ళు, నైవేద్యము స్త్రీవి అను విభాగము పెక్కు ఇండ్లలో స్థిరపడినది. అతని మౌనము ఆమె శ్రమపై నిలిచినది. ఆమెకు మౌనక్షణము దొరికినదా అని అడిగినవారు అరుదు. ఏడ్చుచున్న శిశువును ఆమెకు విడిచి తలుపు మూసికొని చేయు జపము గృహ్యసూత్రములు చూపిన గృహస్థధర్మము కాదు. ఆశ్వలాయనుని క్రమములో ఒకరు అగ్నివద్ద ఉన్నపుడు మరియొకరు బిడ్డవద్ద ఉందురు. మరుసటి పూట మార్చుకొందురు.

తెలుగునేలపై ఇట్టి ఇంటికి తాళ్ళపాక దృష్టాంతము. అన్నమాచార్యులు (1408–1503) భార్యాపుత్రులతో జీవించిన గృహస్థుడు. పదునారవ ఏట, 1424లో మొదలైన సంకీర్తన యజ్ఞము 1503 వరకు సాగినదని తిరుమల రాగిరేకులు తెలుపుచున్నవి. దినమునకు ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండ ఆయన రచించెనని సంప్రదాయము. ఆయన ధర్మపత్ని తిమ్మక్క "సుభద్రాకల్యాణము" రచించి తొలి తెలుగు కవయిత్రిగా ప్రసిద్ధి పొందినది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు, మనుమడు చిన తిరుమలాచార్యుడు సంకీర్తనలు కొనసాగించిరి. మరియొక మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో వ్రాసెను. తాను, పత్ని, పుత్రుడు అను సూత్రక్రమము ఆ ఇంటిలో వాఙ్మయాగ్నిగా వెలిగినది.

చివరకు శబ్దము సంగతి. పిల్లల అల్లరి, వీధి గోల, వంటయింటి చప్పుడు నడుమ ధ్యానమేమిటని శంక కలుగును. వేదాధ్యయనమునకు మేఘగర్జనము, మెరుపు సామాన్యముగా అనధ్యాయ కారణములు. కాని బ్రహ్మయజ్ఞ విషయమున తైత్తిరీయారణ్యకము ఈ నియమమును తలక్రిందులు చేసినది. మేఘమే హవిర్ధానము, మెరుపే అగ్ని, వర్షమే హవిస్సు, ఉరుమే వషట్కారము అని చెప్పి, ఆ వేళ చేసిన స్వాధ్యాయము తపస్సే యగునన్నది. ఆ యజ్ఞమునకు అనధ్యాయములు రెండే అని ముగించినది: చేయువాడు అశుచియగుట, చోటు అశుచియగుట. శబ్దము ఆ రెండింటిలో లేదు.

కావున గృహస్థుడు నిశ్శబ్దమైన ఇంటికై నిరీక్షింపనక్కరలేదు. సంధ్యవేళ అర్ఘ్యము విడుచు క్షణము, పాలు కాగునంతలో పలికిన ఒక్క నామము, తులసికోట వద్ద దీపము నిలిచినంతసేపు చేతులు జోడించుట, అన్నమునకు ముందు అరనిమిషము మౌనము: ఇవి చాలును. ఉపనయనము లేనివారికి భగవన్నామమే స్వాధ్యాయము. అయితే ప్రతిదినము ఉండవలెను, ఇంటిలో అందరికి ఉండవలెను. అట్టి ఇంటిలో కుక్కరు కూత, బండివాని కేక, బిడ్డ నవ్వు వషట్కారములే యగును. ఇండ్ల కప్పులు కనబడని చోటు వెదకుచు పోయిన మార్గము చివరకు ఆ కప్పు క్రిందనే, శుచియైన ఒక మూలకు చేర్చినది.

స్వస్తి.