కేసు షీటులో మా పేరు

దవాఖానాలో చీటీ రాసేటప్పుడు మొదట అడిగేది పేరు. మా పేరు చెబితే చాలు, మతం వేరే గడిలో రాయక్కర్లేదు. అందుకే వైద్య సమాచారపు గోప్యత మాకు కంప్యూటర్ చదువుల చర్చ కాదు. బతుకు సమస్య.

చిట్టాల చరిత్ర ఒకసారి తిరగేద్దాం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టరు పద్ధతిగా ఉండేది. మనిషికో కార్డు, కార్డులో మతం. పాలనా సౌకర్యం కోసమే రాశారు. 1940లో నాజీలు ఆ దేశాన్ని ఆక్రమించాక యూదుల్ని ఏరడానికి ఆ కార్డులే పనికొచ్చాయి. 1943 మార్చి 27న ప్రతిఘటన దళం ఆమ్‌స్టర్‌డాం రిజిస్టరు ఆఫీసుకు నిప్పు పెట్టింది. కాలింది కొంత భాగమే. సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతమయ్యారు. కార్డు రాసిన గుమాస్తాకు దురుద్దేశం లేకపోవచ్చు. పాలకుడు మారాడు, రాత మిగిలింది.

ఇక మా సంగతి. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ కూడిక జరిగింది. వచ్చినవాళ్లలో కరోనా బయటపడింది. వాళ్లను వెదకాలి, పరీక్షలు చేయాలి. అది వైద్యం, ఎవరు కాదన్నారు? కానీ ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291 తబ్లీగీకి సంబంధించినవని లెక్క చెప్పింది. ఢిల్లీ బులెటిన్‌లో మర్కజ్‌కి ప్రత్యేకంగా గడి పెట్టారు. విదేశాల నుంచి రోగం తెచ్చినవాడు ప్రయాణికుడు. మర్కజ్ నుంచి తెచ్చినవాడు ముసల్మాను! ‘కరోనా జిహాద్’ అన్న మాట టీవీల్లో, ఫోన్లలో ఊరేగింది. కూరగాయల బండివాణ్ణి పేరడిగి తరిమారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులుగా ఎంచుకుని ఉండొచ్చంది. అప్పటికే ఆ గడి చేయాల్సిన పని చేసేసింది.

అప్పుడు బయటికొచ్చింది మొత్తం అంకె. ఇప్పుడు ఒక్కొక్కరి ఫైలూ కంప్యూటర్లోకి పోతోంది. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మనిషికో 14 అంకెల నంబరిచ్చి దవాఖానాల రికార్డుల్ని కలుపుతోంది. ఎక్స్‌రేల సంచీ మోసుకుని ఉస్మానియా మెట్లెక్కే మా అమ్మీలకు అది మేలే. కానీ కాపలా ఏదీ? 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు. అంత పెద్ద దవాఖానా రోజుల తరబడి చేతిరాత మీద నడిచింది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా ఆరోగ్యాన్నీ, మతాన్నీ, కులాన్నీ సున్నితమైన సమాచారంగా లెక్కించి, గట్టి రక్షణ కోరింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గమే లేదు. పైగా దేశభద్రత, శాంతిభద్రతల పేరుతో తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు సర్కారు ఉంచుకుంది.

మేం వైద్యం వద్దనడం లేదు, రికార్డు వద్దనడం లేదు. మా ఫైలు ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో, ఎందుకు తెరిచారో మాకు చెప్పాలంటున్నాం. కోర్టు ఆజ్ఞ లేకుండా అది పోలీసు చేతికి పోకూడదంటున్నాం. ఇది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల, దళితుల, ఆడవాళ్ల డిమాండ్ కూడా. ఈ రోజు మర్కజ్‌కి పెట్టిన గడి రేపు ఎవరికైనా పెట్టొచ్చు.