జర్మను వర్ణోచ్చారణము: ఆంగ్లభాషీయులు నేర్చిన తీరు

పరభాష నభ్యసించువానికిఁ గన్ను, చెవి, నోరు అను మూఁడు సాధనములు గలవు. వీనిలోఁ గన్ను త్వరపడు స్వభావము గలది. లిపి యలవడినంతనే భాషయు నలవడెనను భ్రాంతిని గలిగించునది యిదియే. ఈ భ్రాంతివలనఁ బుట్టిన చిక్కులును, దానిం దొలఁగించుటకై పందొమ్మిదవ శతాబ్దిలో జరిగిన కృషియు జర్మనుభాష నేర్చిన యాంగ్లభాషీయుల చరిత్రమున విస్పష్టముగాఁ గానవచ్చుచున్నవి. ఆ కృషి నడచిన త్రోవ మన శిక్షాశాస్త్రమునకు మిక్కిలి సమీపమున నుండుటచే నిది యాంధ్రపండితుల పరిశీలనమునకుఁ దగియున్నదని తలంచి యిట సంగ్రహముగా వివరించెదను.

ఆంగ్లము, జర్మను అను నీ రెండును నొక్క కుటుంబములోని తోఁబుట్టువులు. ఒకప్పుడు వాని వర్ణములయందు భేద మల్పము. క్రీస్తుశకము 6వ శతాబ్ది మొదలుకొని జర్మనీదేశపు దక్షిణభాగమున హల్లులు మాఱఁజొచ్చెను. ఆంగ్లమున 'టెన్' అనఁబడు పదిసంఖ్య జర్మనున దంత్యచకారాదియై 'ౘేన్' అయ్యెను. జలవాచకమగు 'వాటర్' అనుదానికి 'వస్సర్' అను రూప మేర్పడెను. ఆంగ్లమున హల్లులు చాలవఱకు నిలిచెను గాని, 15వ శతాబ్ది మొదలు దీర్ఘస్వరములు స్థానభ్రష్టములయ్యెను. 1534లో లూథరు ముగించిన బైబిలు పరివర్తనము జర్మను వ్రాఁతభాషకు నిలుకడ నొసఁగుటకు ముఖ్యసాధన మయ్యెను. ఆంగ్లలిపి మాత్రము మాఱిన యుచ్చారణము ననుసరింపక చాలవఱకుఁ బాతరూపముననే నిలిచిపోయెను.

ఇట్లు రెండుభాషలకును రోమకలిపి సమానమయ్యు, లిపి సూచించు ధ్వని వేఱయ్యెను. 'డబ్ల్యూ' అను నక్షరమునకు జర్మనులు దంతోష్ఠ్యమగు వకారమును, 'వీ' అనుదానికిఁ దఱచుగా 'ఎఫ్' ధ్వనిని, 'జెడ్' అనుదానికి మన 'చలి', 'చాప' యను మాటలలోని దంత్యచకారమును బలుకుదురు. ఆంగ్లేయుఁడు తెలిసిన యక్షరమును జూచి తెలిసిన ధ్వనినే పలుకును. లిపి యపరిచితమైనచో నితరుల నడిగి తెలిసికొనును, పరిచితమగుటచే నడుగఁడు.

ఆంగ్లేయులలో జర్మను సాహిత్యముపై నాదరము పదునెనిమిదవ శతాబ్దాంతమునఁ బ్రబలెను. కవియగు కోలెరిడ్జి 1798లో జర్మనీకిఁ బోయి, రాట్సెబుర్గు పట్టణమున నొక మతాచార్యుని యింట నుండి, పిదప గ్యోటింగెను విశ్వవిద్యాలయమున నుపన్యాసములు విని 1799లో మరలివచ్చెను. ఆ మార్గ మందఱకును సుకరము గాదు. కార్లైలు స్వదేశముననే జర్మను నేర్చి, గేటే రచించిన 'విల్‌హెల్మ్ మైస్టరు' కథను 1824లో నాంగ్లమున వెలయించెను. ఆతఁడు జర్మనీలో మొదట నడుగిడినది 1852లో. జార్జి ఎలియటు అను మాఱుపేరుతోఁ బిమ్మటఁ బ్రసిద్ధి కెక్కిన విదుషి స్ట్రౌసు రచించిన యేసుచరిత్రమును 1846లో భాషాంతరీకరించి, 1854లోఁ గాని జర్మనీని జూడలేదు. ఇట్టివారి భాషాజ్ఞానము గొప్పది. కాని యది చాలమట్టుకుఁ గంటిద్వారమున వచ్చినది. గ్రంథార్థగ్రహణమే ప్రయోజనమైనంత కాల మీ మార్గము చాలును. నోటితో నర్థము దెలుపవలసి వచ్చినప్పు డిది చాలదు.

ఏలయన, ఉచ్చారణదోషమువలన నర్థమే తాఱుమాఱగును. జర్మనున 'నహ్ట్' అనఁగా రాత్రి. ఇందు 'హ్' అని నేను వ్రాసినది నిజమునకు హకారము గాదు. కకారస్థానమునఁ బుట్టు నూష్మము. కఖలకు ముందు విసర్గము జిహ్వామూలీయమైనప్పుడు పలుకవలసిన ధ్వనికి మిక్కిలి సన్నిహితము. ఈ వర్ణము నేఁటి యాంగ్లేయుల వ్యవహారమున లేదు. దానికి మాఱుగాఁ గకారమును బలికినచో 'నక్ట్' అగును. దాని యర్థము నగ్నము. 'కిర్హె' యనఁగాఁ గ్రైస్తవ దేవాలయము, అందలి యూష్మమునకు షకారమును బలికినచో 'కిర్షె' యగును, అది చెర్రీపండు.

అయినను నీ జిహ్వామూలీయ మాంగ్లజాతికిఁ గ్రొత్తది గాదు. ఛాసరు కవి 1400లోఁ జనిపోవునాఁటికి రాత్రివాచకమగు 'నైట్' మొదలగు మాటలలో నిట్టి యూష్మము పలుకఁబడుచుండెను. పిమ్మట నది నోటినుండి జాఱిపోయి, వ్రాఁతలో 'జీ', 'హెచ్' అను రెండక్షరముల రూపమున మూఁగయై నిలిచినది. స్కాట్లండున సరోవాచకమగు 'లోహ్' అను మాటలో నది నేఁటికిని జీవించియున్నది. కార్లైలు పుట్టిన యెకిల్‌ఫెహన్ గ్రామము పేరునందే కలదు.

ఈ యూష్మమునకు జర్మనున రెండు రూపములు గలవు. అ, ఒ, ఉ స్వరములకుఁ బిదప నది జిహ్వామూలమునఁ బుట్టును; ఇ, ఎ మొదలగు స్వరములకుఁ బిదపను, న, ల, రలకుఁ బిదపను తాలుస్థానమునఁ బుట్టును. పుస్తకవాచియగు 'బూహ్' అనునది మొదటిదానికి, 'నేను' అను నర్థము గల 'ఇహ్' అనునది రెండవదానికి నుదాహరణములు. లిపి రెంటికిని నొక్కటే. ఆంధ్రవైయాకరణుల కిది వింత గాదు. దేశ్యపదములలోఁ జజలు ఇ, ఈ, ఎ, ఏలతోఁ గూడినప్పుడు తాలవ్యములనియు, తక్కినచోటుల దంత్యములనియు మన వ్యాకరణములు చెప్పుచున్నవి. మనకుఁ బరస్వరము నియామకము, జర్మనులకుఁ బూర్వస్వరము. ఏ తెలుఁగుబాలుఁడును సూత్రము నేర్చి 'చలి', 'చిలుక' యను మాటలఁ బలుకుట లేదు, జర్మనుబాలుఁడు నట్లే. పరదేశీయునకే సూత్రము కావలసియున్నది.

ఇందుఁ దాలవ్యరూప మాంగ్లేయుని నోటనే దాఁగియున్నది. రంగు అను నర్థము గల 'హ్యూ' అను నాంగ్లపదము నుచ్చరింపఁబోయి తొలిధ్వనిని నిలిపి యుంచినచో నదియే వినఁబడును. దంత్యచకారసదృశమగు 'ట్స్' ధ్వనియు మార్జాలవాచకమగు 'క్యాట్స్' అను మాట చివరఁ గలదు. తనయొద్దఁ గలదానిని దా నెఱుఁగకుండుటకు హేతువు దానికిఁ బ్రత్యేకాక్షరము లేకుండుటయే.

స్వరములయందును నిట్టిదే. నాలుకను ఇకారస్థానమున నిలిపి, పెదవులను ఉకారమునకువలె గుండ్రముగాఁ జేసినచో జర్మనున నొక స్వరము పుట్టును. నాలుకను ఏకారస్థితియందుంచి, పెదవులను ఓకారమునకువలెఁ జుట్టినచో మఱియొక స్వరము వచ్చును. 'షోన్' అనఁగా 'ఇదివఱకే' యని యర్థము. అందలి ఓకారమునకు బదు లీ రెండవ స్వరమును జేర్చినచో 'సుందరము' అని యర్థ మగును. ప్రాచీనాంగ్లమున 'మూస్' అనఁగా మూషికము. దాని బహువచనమునఁ బైని జెప్పిన మొదటి స్వరమే వినఁబడుచుండెను. అదియుఁ గాలక్రమమున నశించెను. కాఁబట్టి యాంగ్లేయుఁడు జర్మను నేర్చుట కొంతవఱకుఁ దన పూర్వులు పోఁగొట్టుకొన్న వర్ణములను మరలఁ దెచ్చుకొనుటయే.

పదాంతమున సరళములు పరుషములగుట మఱియొక విశేషము. కడపట 'డీ' యను నక్షరముతో వ్రాయు చక్రవాచియు, 'టీ' యను నక్షరముతో వ్రాయు నాలోచనవాచియు రెండును 'రాట్' అనియే పలుకఁబడును. సంస్కృతమున నవసానమందు 'వాగ్', 'వాక్' అను రెండు రూపములు నెఱిఁగిన పండితున కిది సుగమము. పదాంతసరళమును నిలుపుకొను నాంగ్లేయునకుఁ గష్టము.

'పెదవుల నిట్లుంచుము, నాలుక నిట్లు నిలుపుము' అని బోధించు పద్ధతి పాశ్చాత్యపాఠశాలలకు నాలస్యముగా వచ్చినది. 1867లో మెల్విలు బెల్లు వాగింద్రియముల స్థితులనే చిహ్నములుగాఁ జేసి యొక దృశ్యవాగ్లిపిని వెలయించెను. 1864లో హైడెల్‌బెర్గునఁ జదివిన హెన్రీ స్వీటు 1877లో ధ్వనిశాస్త్రగ్రంథమును బ్రకటించెను. జర్మనుదేశీయుఁడగు విల్‌హెల్ము ఫియెటరు 1882లో మాఱుపేరుతో నొక చిఱుపొత్తమును వ్రాసి, భాషాబోధనము త్రోవ మఱలింపవలెననియు, వ్రాఁతనుండి గాక పలుకునుండి యారంభింపవలెననియు వాదించెను. ఆతఁ డా కాలముననే లివర్పూలు కళాశాలలో నుపన్యాసకుఁడుగా నుండి, 1884లో మార్‌బుర్గున నాంగ్లభాషాచార్యుఁడయ్యెను. 1886లోఁ బారిసునఁ బాల్ పాసీ మొదలగు నధ్యాపకులు సమాజముగా నేర్పడి, ధ్వనిభేదమునకుఁ దగిన చిహ్నభేద ముండవలెనను నియమముతో 1888లో సర్వభాషాసాధారణమగు లిపిని బ్రకటించిరి.

ఏ ప్రాంతపుఁ బలుకును నేర్పవలెనను ప్రశ్నకును నా శతాబ్దాంతముననే సమాధాన మేర్పడెను. నాటకశాలాధికారులును బండితులును 1898లో బెర్లినునఁ గూడి చేసిన నిర్ణయములను థియొడోరు సీబ్సు గ్రంథస్థము గావించెను. రేఫమును జిహ్వాగ్రముతోఁ బలుకవలెనని యందు విధింపఁబడెను; నేఁడు జర్మనులలోఁ బెక్కుమంది దానిఁ గొండనాలుకకడఁ బలుకుచున్నారు. వ్యవహారము శాసనమును మీఱుట యక్కడను గలదు.

ఈ శాస్త్రమును నోటి కెక్కించిన యధ్యాపకులలో విలియము టిల్లీ యొకఁడు. ఆస్ట్రేలియాలోఁ బుట్టిన యీతఁడు మార్‌బుర్గునఁ, దరువాత బెర్లినున విద్యాలయమును నడపి, అందుఁ జేరిన యాంగ్లభాషీయులు జర్మనుదప్ప వేఱుమాట పలుకరాదని కఠినముగా శాసించెను. 1900లో నందుఁ జదివిన డేనియల్ జోన్సు పిమ్మట లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ధ్వనిశాస్త్రాచార్యుఁడయ్యెను. వంగపండితుఁడగు సునీతికుమార ఛటర్జీ ధ్వనిశాస్త్రము నభ్యసించినది యీతనికడనే.

ఈ చరిత్రమున మనము విశేషముగా గమనింపఁదగిన పురుషుఁడు అమెరికాదేశీయుఁడగు విలియము డ్వైటు విట్నీ. ఈతఁడు 1850 మొదలు 1853 వఱకు జర్మనీలో వేబరుకడను, రోతుకడను సంస్కృతము చదివెను. 1854 నుండి యేల్ కళాశాలలో సంస్కృతాచార్యుఁడై యుండియు జర్మనును బోధించెను. 1862లో నథర్వవేద ప్రాతిశాఖ్యమును, 1869లో జర్మను వ్యాకరణమును, 1871లోఁ ద్రిభాష్యరత్నసహితముగాఁ దైత్తిరీయ ప్రాతిశాఖ్యమును వెలువరించెను. ఆంధ్రవైదికులలోఁ బెక్కుమంది యధ్యయనము చేయు శాఖకు లక్షణగ్రంథమును, ఆంగ్లభాషీయులకు జర్మను నేర్పు గ్రంథమును రెండేండ్ల యంతరమున నొక్కచేతినుండి వెలువడెను. స్థానము, కరణము, ప్రయత్నము అను విభాగముతోఁ బ్రతివర్ణమును నిరూపించుట ప్రాతిశాఖ్యకారుల మార్గము. విట్నీ మన వైయాకరణులను బలుచోట్ల నధిక్షేపించినవాఁడే యైనను, వారి వర్ణవిచారమును శ్రద్ధతోఁ బరిశీలింపక విడువలేదు. పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర మంతయు మనదేశమునుండియే పోయినదని నే ననను. 1856లో వియన్నా నగరమున బ్రూకె ప్రకటించిన గ్రంథమువలె శరీరశాస్త్రమునుండి పుట్టిన స్వకృషియు వారికిఁ గలదు. ఆ రెండు త్రోవలును నోటికడనే కలసినవి.

పరదేశమున నివసించినఁ జాలదా, చెవియే నేర్పదా యని కొంద ఱందురు. బాలునిపట్ల నది నిజము. వయస్సు వచ్చినవాని చెవి తన మాతృభాషావర్ణములకే యలవడి యుండును. జిహ్వామూలీయమును గకారముగా విని, విన్నట్లే పలుకును. అట్టివానికి నాలుక నిలుపవలసిన చోటు తెలిపినయెడలఁ జెవియుఁ దెఱచుకొనును.

ఇఁక మన మాట. మన విద్యార్థులు వర్ణముల స్థానప్రయత్నములను దడువుకొనక యొప్పగింతురు. జిహ్వామూలీయమును బలికి చూపుమన్నఁ బెక్కుమంది హకారమునే పలుకుదురు. ఋకారమును 'రు' అని కానిత్తురు. ఆంగ్లేయులు శాస్త్రము లేనందునఁ జిరకాలము తడఁబడిరి. దానిని సంపాదించినతోడనే పాఠశాలలలోఁ బ్రయోగించిరి. మనకో, శాస్త్రము వేల యేండ్లనుండి యున్నది. సంస్కృతమైనను, ఆంగ్లమైనను, జర్మనైనను నేర్పునప్పుడు మొదట వర్ణస్థానమును జూపి, పిదప ధ్వనిని బలికించి, కడపట నక్షరమును వ్రాయించు క్రమమును మన పాఠశాలలయందుఁ బండితులు పాటించినచో, శిక్షాశాస్త్రము మరల నోటి కెక్కఁగలదు.