చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్: పరిశోధనల చరిత్ర

హైదరాబాద్ నడిబొడ్డున, హుస్సేన్‌సాగర్ అలుగు నాలా పరిసరాల్లో ఉన్న పేటలు ఇవి. ఇవాళ వీటి పేరు చెబితే గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. విశ్వవిద్యాలయం ఇక్కడ లేదు. ఉస్మానియా ప్రాంగణం విద్యానగర్ దాటాక వస్తుంది. అయినా నూరేళ్లకు పైగా న్యాయం, వైద్యం, సంస్కృతి, పర్యావరణం నాలుగింటిలోనూ ఇక్కడా, చుట్టుపక్కల పేటల్లోనూ చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది. చేసినవాళ్లలో ఎక్కువమంది ఆచార్యులు కారు. వకీళ్లు, బడిపంతుళ్లు, పత్రికా సంపాదకులు, ప్రభుత్వ ప్రయోగశాలల ఉద్యోగులు, మహిళా సంఘాల కార్యకర్తలు. ఎదుటపడిన చిక్కును విప్పుకోవడానికి పూనుకున్న పని కాబట్టి, ఎక్కడ న్యాయశాస్త్రం ముగిసి ఎక్కడ వైద్యం మొదలైందో విడదీసి చెప్పడం కష్టం. సుల్తాన్‌బజార్, హిమాయత్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటలను కలుపుకోకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది కనుక ఈ వ్యాసం ఆ హద్దులను పట్టించుకోదు.

తొలి సంఘాలు

1901 సెప్టెంబరు 1న నేటి సుల్తాన్‌బజార్ ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. దాని వెనక ఉన్నవారిలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ముఖ్యులు. 1906లో ఈ మిత్రబృందమే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, జీవితచరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను తెలుగులో రాయించడం మొదలుపెట్టింది. మండలి కొద్దికాలానికే మద్రాసుకు తరలిపోయింది. లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గరే నిలిచింది. 1923లో ఆయన చనిపోయారు. అప్పటికే హైదరాబాద్‌లో పని చేస్తున్న ఆంధ్ర పరిశోధక మండలి ఆయన పేరు పెట్టుకుని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది.

ఈ మండలి కథ ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేశారు. ఆ రాత్రే కొందరు కూడి ఆంధ్ర జన సంఘానికి నాంది పలికారు. సంఘం రాజకీయాల జోలికి పోకుండా గ్రంథాలయాలు, పాఠశాలలు, చరిత్ర పరిశోధన అనే దారి పట్టింది. గుళ్లల్లో, పాడుబడ్డ కోటల్లో, చెరువు కట్టల మీద పడి ఉన్న శాసనాల నకళ్లు తీయించడం పరిశోధక మండలి పని. మండలి కార్యదర్శి ఆదిరాజు వీరభద్రరావు వృత్తిరీత్యా తెలుగు పండితుడు. కూడబెట్టిన శాసనాల తొలి సంపుటం ‘తెలంగాణా శాసనములు’ పేరుతో 1935లో వెలువడింది. నిజాం ప్రభుత్వానికి 1914 నుంచే గులాం యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఉంది; దాని చేతిలో డబ్బు, వాహనాలు, అధికారం ఉన్నాయి. పరిశోధక మండలికి చందాలే దిక్కు. అయినా కాకతీయుల కాలపు చెరువులు, దానాలు, పన్నుల గురించి తర్వాత రాసినవారు ఈ సంపుటాన్ని తిరగెయ్యకుండా ముందుకు పోలేకపోయారు. రెండో సంపుటం రావడానికి పాతికేళ్లు పట్టింది.

మాడపాటి హనుమంతరావు

నారాయణగూడ పేరుతో విడదీయరాని మనిషి మాడపాటి హనుమంతరావు (1885–1970). నిజాం ప్రభుత్వ న్యాయశాఖలో అనువాదకుడిగా పనిచేసి, తర్వాత వకీలు అయ్యారు. ఆంధ్ర జన సంఘంలో ఆయన చేసిన పనిని చాలామంది సంఘసేవ అంటారు. నిజానికి అది పక్కా న్యాయశాస్త్ర పరిశోధన. వెట్టిచాకిరి గురించీ, గ్రామాల్లో వర్తకుల దగ్గర అధికారులు సరుకు గుంజుకోవడం గురించీ ప్రభుత్వమే ఎప్పుడో గస్తీలు (సర్క్యులర్లు) జారీ చేసింది. అవి ఉర్దూలో, దఫ్తరాల్లో మూలబడి ఉన్నాయి. వాటిని వెతికి తీసి, చిన్న చిన్న తెలుగు పుస్తకాలుగా అచ్చువేయించి పల్లెలకు పంపారు. కొత్త చట్టం కోరలేదు. ఉన్న చట్టాన్ని చదివి వినిపించారు. తాసీల్దారు దౌరాకు వస్తే ఊరి కోమటి ఆ పుస్తకం చేతపట్టుకుని ఎదురు మాట్లాడగలిగాడంటే, ఏ న్యాయశాస్త్ర పట్టా ఇంతకన్నా సాధించేది ఏముంది?

1928లో ఆయన పూనికతో తెలుగు బాలికల ఉన్నత పాఠశాల ఏర్పడింది. అదే నారాయణగూడలో ఈనాటికీ ఆయన పేరుతో ఉంది. తెలుగు మాధ్యమానికి ఉస్మానియా పద్ధతిలో చోటు లేకపోవడంతో దాన్ని పూనాలోని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిపారు. ఆ విశ్వవిద్యాలయ స్థాపకుడు కార్వేయే. తెలుగువాడి ఉపన్యాసం ఆగిపోయిన సభకు అధ్యక్షుడైన కార్వే పేరు, ఏడేళ్ల తర్వాత తెలుగు ఆడపిల్లల చదువుకు నీడ అయింది. మాడపాటి రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ రెండు భాగాలు ఈ కాలానికి ప్రథమాధారం. 1951లో ఆయన హైదరాబాద్ మేయర్ అయ్యారు.

అదే తరానికి చెందిన మరో వకీలు సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, రెడ్డి హాస్టల్ నడిపారు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వంశవృక్షాలను పక్కనపెట్టి, కావ్యాల్లోంచి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు ఏరి కూర్చింది. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ పుస్తకానికే దక్కింది. కావ్యాన్ని సాక్షిగా నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేసే ఆ పద్ధతిలో వకీలు చదువు కనిపిస్తుంది.

ఐపీఎం

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ను జనం ఐపీఎం అంటారు. కుక్క కరిస్తే ఇక్కడికి పరుగెత్తడం నగరంలో తరాలుగా ఉన్న అలవాటు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న పాత భయానికి మూలం సెంపుల్ పద్ధతి టీకా: రేబిస్ సోకించిన గొర్రె మెదడు కణజాలంతో దాన్ని చేసేవారు. ప్రాణం నిలిపేది కానీ, కొందరికి నరాల పక్షవాతం తెచ్చేది. దేశంలో 2004 చివర ఆ రకం టీకా తయారీ నిలిపివేశారు. కణవర్ధనంతో చేసే టీకాలు వచ్చాయి, సూదులు తగ్గాయి, బొడ్డు బదులు భుజానికి మారాయి.

ఐపీఎం పూర్తి పేరులో ప్రజారోగ్య ప్రయోగశాలలు, ఆహార (ఆరోగ్య) పరిపాలన అనే మాటలు కూడా ఉన్నాయి. అంటే తాగునీటి పరీక్ష, కల్తీ ఆహారం పరీక్ష కూడా ఈ సంస్థ పనే. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ప్రకారం పబ్లిక్ అనలిస్టు ఇచ్చే నివేదిక కోర్టులో సాక్ష్యం. నిందితుడు ఒప్పుకోకపోతే రెండో నమూనా కేంద్ర ప్రయోగశాలకు వెళ్లేది. పాలలో నీళ్లెన్ని, కారంలో రంగెంత అన్న రసాయన లెక్క మీద ఒక దుకాణదారుడి జైలు శిక్ష ఆధారపడేది. 2006 చట్టం ఆ పద్ధతిని మార్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రంలో నమూనాలు పరీక్షించిన ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఐపీఎం ఒకటి.

పక్కనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. అంతకు ముందే, 1888–89లో, క్లోరోఫారం ఇస్తే ప్రమాదం గుండెకా ఊపిరికా అన్న వివాదం తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు ప్రపంచ వైద్యుల దృష్టిని ఈ నగరం వైపు తిప్పాయి. లారీ తేల్చిన నిర్ణయం తర్వాత నిలవలేదు.

మందు మీద వ్యాజ్యం

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు వేస్తున్నారని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘానికి తెలిసింది. అది ప్రయోగమన్న సంగతి వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. కార్యకర్తలు విడమరిచి చెప్పగానే చాలామంది వెనుదిరిగారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. పద్నాలుగేళ్లు నడిచిన ఆ కేసు, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఆ మందును మూకుమ్మడిగా వాడడం తగదని ప్రభుత్వమే ఒప్పుకోవడంతో 2000లో ముగిసింది. తెలిసి ఇచ్చిన సమ్మతి లేనిదే పరిశోధన చెల్లదన్న వాదం మన దేశంలో బలపడిన తొలి సందర్భాల్లో ఇదొకటి. పావు శతాబ్దం తర్వాత ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు మళ్లీ అవే ప్రశ్నలు లేచాయి. 2010లో ఆ ప్రాజెక్టును ఆపారు.

స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు చెప్పిన కథలను వాళ్ల మాటల్లోనే నమోదు చేసిన పుస్తకమది. ఈ బృందంలోంచే 1985లో అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం వచ్చింది. మహిళల ఆరోగ్యంపై ‘సవాలక్ష సందేహాలు’ కూడా ఈ కృషి ఫలమే. ఒకే సమూహం మందు మీద పిటిషన్ వేసింది, మౌఖిక చరిత్ర సేకరించింది, వైద్య గ్రంథం కూర్చింది. విశ్వవిద్యాలయంలో ఈ మూడూ మూడు భవనాల్లో ఉంటాయి, వాటి మధ్య ఫైలు కూడా కదలదు.

నాలా, జలాశయాలు

1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరపు నీటి పరిశోధనకు అది మొదలు. 1996 మార్చిలో వచ్చిన 111వ జీవో ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. ఒక నూనె పరిశ్రమకు అనుమతి నిరాకరణ మీద లేచిన వివాదం సుప్రీంకోర్టు చేరింది. 1999 జనవరి 27న తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు, శాస్త్రీయ సందేహం ఉన్నచోట ముందుజాగ్రత్తే సూత్రమన్నారు. శాస్త్రం తెలిసిన సభ్యులు లేని న్యాయస్థానాలు ఇలాంటి తగవులు తీర్చడం ఎంత కష్టమో కూడా రాశారు. ఆయనే లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో ఇచ్చిన 186వ నివేదిక పర్యావరణ కోర్టులు కావాలంది. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి దారి వేసిన పత్రాల్లో అది ప్రధానమైనది. మన నగరపు తాగునీటి తగాదా దేశానికి ఒక న్యాయవ్యవస్థను ఇచ్చింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం 111 జీవో ఆంక్షలను ఎత్తేస్తూ మరో జీవో ఇవ్వడం వేరే కథ.

చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లకు దగ్గరి అనుభవం మాత్రం నాలాది. కుతుబ్‌షాహీల కాలపు హుస్సేన్‌సాగర్ నిండితే అలుగు నీళ్లు కవాడిగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా మూసీలో కలుస్తాయి. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. నాలా పొంగి బస్తీలను ముంచింది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథ సేకరణలోకి కూడా నీళ్లొచ్చాయి. అబ్దుస్ సమద్ ఖాన్ అనే నగరవాసి జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అవి. 1990ల్లో షికాగో విశ్వవిద్యాలయం ముందుండగా కొన్ని సంస్థలు కలిసి వాటిని కొని, నగరం దాటి పోకుండా ఇక్కడే ఉంచాయి. తడిసిన కాగితాలను ఆరబెట్టి, మిగిలినవాటిని కాపాడడం ఏళ్ల తరబడి సాగిన పని అయింది. ఉర్దూ సాహిత్య చరిత్ర రాయాలనుకున్న పరిశోధకుడు మురుగునీటి పారుదల నివేదికలు చదవాల్సిన పరిస్థితి ఇది. వరద తర్వాత కిర్లోస్కర్ సంస్థ చేసిన అధ్యయనం నాలాల ఆక్రమణలను ఎత్తిచూపింది. హుస్సేన్‌సాగర్ నాలా రక్షణ గోడ పని పట్టాలెక్కింది 2020 వానల తర్వాతే.

గ్రంథాలయం, అకాడమి, అశోక్‌నగర్ గదులు

1968లో హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమి ఏర్పడింది. తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలతోపాటు ఒక్కో శాస్త్రానికి పారిభాషిక పదకోశాలు తెచ్చింది. కొన్ని పదాలు జనం నోట నిలిచాయి, చాలా భాగం పరీక్ష హాలు గుమ్మం దగ్గరే ఆగాయి. చిక్కడపల్లిలో 1966లో పుట్టిన త్యాగరాయ గానసభ సంగీత కచేరీలకు, పుస్తకావిష్కరణలకు వేదిక.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద నడిచే వ్యవస్థలోది. పుస్తకాలు అక్కడ ఉన్నా, పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునే వాళ్లలో ఎక్కువమంది సొంత పుస్తకాలు తెచ్చుకుని చదివే ఉద్యోగార్థులు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే ఈ యువతీయువకుల్లో అధికభాగం జిల్లాల నుంచి వచ్చినవారు. 2014లో ఏర్పడిన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 మెయిన్స్‌లో చరిత్ర–సంస్కృతి, రాజ్యాంగం–పాలన, ఆర్థికం–పర్యావరణం, శాస్త్ర సాంకేతికాలు, తెలంగాణ ఉద్యమం అన్నీ ఉంటాయి. ఆంధ్ర జన సంఘం, సురవరం, మూసీ వరదలు ఇక్కడ ఒక్క మార్కు బిట్లుగానో పది మార్కుల వ్యాసాలుగానో మారాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం సులువే కానీ, నూరేళ్ల ఈ పరిశోధనను ఇవాళ వరుసబెట్టి చదువుతున్న పెద్ద సమూహం ఇదొక్కటే. 2024 అక్టోబరులో మెయిన్స్‌కు ముందు, రిజర్వేషన్ల అమలుకు సంబంధించిన 29వ జీవోను వ్యతిరేకిస్తూ అభ్యర్థులు అశోక్‌నగర్ వీధుల్లో ఆందోళనకు దిగారు, కోర్టుకూ వెళ్లారు. అదే ఏడాది తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది.