ఇష్బోషెతు: ఒక రాజనామ పరిణామం

సౌలు కుమారుడు ఇష్బోషెతు మహనయీములో రెండేళ్లు మాత్రమే రాజ్యమేలాడు. సమూయేలు రెండవ గ్రంథంలోని ఈ పేరుకు హీబ్రూలో ‘సిగ్గుకు చెందిన మనిషి’ అని అర్థం. ఏ తండ్రీ కుమారునికి ఇటువంటి పేరు పెట్టడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం తరువాతి కాలపు రచనే అయినా, అతణ్ణి ‘ఎష్బయలు’ అనే పాత పేరుతోనే పేర్కొంది. ‘బయలు’ అంటే ప్రభువు. ఈ పదం తొలుత ఇశ్రాయేలు దేవునికీ వర్తించేదనడానికి అదే గ్రంథంలోని ‘బెయల్యా’ (యెహోవాయే ప్రభువు) అనే పేరు సాక్ష్యం. అనంతరం అది కనానీయుల దేవతకే రూఢి కావడంతో, లేఖకులు దాని స్థానంలో ‘సిగ్గు’ అనే అర్థమిచ్చే ‘బోషెతు’ను చేర్చారని పలువురు పండితుల అభిప్రాయం. 2012లో ఖిర్బెత్ ఖెయాఫా తవ్వకాల్లో లభించిన కుండపైనా ‘ఎష్బయలు’ అనే పేరుంది. ఆ వ్యక్తి వేరైనా, ఆ పేరు నాటి వాడుకలో ఉన్నదేనని తేలింది. కనుక ‘ఇష్బోషెతు’ అనే రూపాన్ని ఆ రాజు శీలానికి నిదర్శనంగా చదవరాదు. అది తరువాతి లేఖకుల మతదృష్టిని తెలుపుతుంది.