కాతిబు కలం నుంచి కంప్యూటరు దాకా

ఉర్దూ అచ్చు చాలాకాలం కాతిబుల చేతిరాత మీదే నడిచింది. నస్తాలీఖ్ లిపిలో పక్క అక్షరాన్ని బట్టి అక్షరం రూపు మారుతుంది. నిజాం కాలంలో మన హైదరాబాదులోనే సీసపు టైపు పోతపోసి చూశారు; అది వ్యాపించలేదు. చివరకు మీర్జా అహ్మద్ జమీల్ ఇరవై వేల దరిదాపు అక్షరాల జోడింపులు చేత్తో రాయగా, 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరు కెక్కింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది.

ఇది కాతిబుల పొట్ట కొట్టిన మాట నిజమే. అయితే అదే యంత్రం పేద బస్తీల పిల్లలకు తోవ కూడా చూపింది. 1996లో పని మొదలుపెట్టిన జాతీయ ఉర్దూ అభివృద్ధి మండలి, స్వచ్ఛంద సంస్థల ద్వారా ఏడాది కంప్యూటరు, డి.టి.పి. కోర్సులు నడిపించింది. ఇంగ్లీషంటే జంకే పిల్ల ముందు తన లిపిలో టైపు కొడుతుంది, జంకు పోయాక మిగతావి పడుతుంది. మా ఉర్దూ పంతుళ్ళకు నచ్చినది ఇదే. కేంద్రం గల్లీలోనే ఉందంటే, దూరం పంపని తల్లిదండ్రులూ ఆడపిల్లను పంపుతారు.